ఈమెయిల్‌లో ఫోటోలు, చిత్రాలు పంపడం

ఫోటోలు, స్కాన్ చేసిన కాగితాలు, గీసిన బొమ్మలు, ముద్రణకు తయారైన డిజైన్లు మొదలైనవాటిని ఎలక్ట్రానిక్ ఉత్తరంతో కలిపి ఒక చిరునామా నుంచి మరో చిరునామాకు చేర్చడాన్ని ఈమెయిల్‌లో చిత్రాలు పంపడం అంటారు. చిత్రం ఉత్తరానికి జోడించిన ఫైలుగా వెళ్లవచ్చు, రాతల నడుమ కనిపించవచ్చు, లేదా వేరేచోట దాచిన చిత్రానికి దారిచూపే లింకుగా వెళ్లవచ్చు. కంప్యూటర్ల మధ్య మెయిల్ నడవడం 1971లో మొదలైంది. అప్పుడది ఇంగ్లిష్ అక్షరాలను మాత్రమే మోసేది. ఏ మెయిల్ సేవ నుంచి ఏ మెయిల్ సేవకైనా చిత్రం చేరే పద్ధతి 1992లో కుదిరింది. చిత్రాన్ని అక్షరాలుగా మార్చి పంపడం, అవతలివైపు ఆ అక్షరాల నుంచి చిత్రాన్ని మళ్లీ కట్టడం ఆ పద్ధతికి ప్రాణం. పంపిన చిత్రం చెక్కుచెదరకుండా చేరడం, దారిలో దాని బరువు పెరగడం, కొన్నిసార్లు చిత్రం పేరుతో మోసం రావడం ఈ ఏర్పాటుతోనే ముడిపడి ఉన్నాయి.

అక్షరాలకే వేసిన దారి

అమెరికా రక్షణ శాఖ నిధులతో నడిచిన ఆర్పానెట్‌లో రే టామ్లిన్సన్ 1971లో ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి సందేశం పంపారు. చిరునామాలో మనిషి పేరుకూ యంత్రం పేరుకూ నడుమ ‘ఎట్’ గుర్తును పెట్టింది ఆయనే. ఉత్తరాలు ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు చేతులు మారే తీరును 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిన ఎస్ఎంటీపీ నియమావళి స్థిరపరిచింది. ఇప్పటికీ మెయిల్ నడుస్తున్నది దాని వారసత్వం మీదే.

ఆ నియమావళిలోని రెండు షరతులు చిత్రాలకు అడ్డుపడ్డాయి. ప్రతి అక్షరం 7 బిట్లలో ఇమడాలనేది మొదటిది. ఒక వరుస 1,000 అక్షరాలకు మించకూడదనేది రెండోది. ఇంగ్లిష్ అక్షరాలకూ అంకెలకూ విరామ చిహ్నాలకూ 7 బిట్లు సరిపోతాయి. చిత్రం ఫైలులో మాత్రం ప్రతి బైటులో ఎనిమిది బిట్లూ పనిచేస్తాయి, వరుసలనేవే ఉండవు. అలాంటి ఫైలును ఉన్నదున్నట్టు పంపితే దారిలో ఏదో ఒక సర్వర్ ఎనిమిదో బిట్టును తుడిచేయవచ్చు, లేదా పొడవాటి వరుసను తెంచేయవచ్చు. ఉత్తరంలో ఒక అక్షరం పోయినా చదివేవారు అర్థం చేసుకుంటారు. చిత్రం ఫైలు అలా నష్టపోతే అసలు తెరుచుకోకపోవచ్చు.

దీనికి తొలి విరుగుడు 1980లో వచ్చింది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మేరీ ఆన్ హోర్టన్ తయారుచేసిన యూయూఎన్‌కోడ్ ప్రతి 3 బైట్లను 4 మామూలు అక్షరాలుగా మార్చేది. మెకింటాష్ వాడేవారికి బిన్‌హెక్స్ అనే మరో పద్ధతి ఉండేది. వీటితో చిత్రం చేరేది కానీ శ్రమంతా మనుషులదే. పంపేవారు ఫైలును అక్షరాలుగా మార్చి ఉత్తరంలో అతికించాలి. అందుకున్నవారు ఆ భాగాన్ని విడదీసి వేరే ప్రోగ్రాంతో విప్పాలి. పెద్ద చిత్రాన్ని పలు ఉత్తరాలుగా ముక్కలు చేస్తే అన్నిటినీ వరుసలో కలుపుకోవాలి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని ఆండ్రూ వ్యవస్థ, నెక్స్ట్ కంప్యూటర్లలోని నెక్స్ట్‌మెయిల్ చిత్రాలనూ శబ్దాన్నీ చక్కగానే పంపేవి. అయితే రెండువైపులా అదే వ్యవస్థ ఉండాలి.

మైమ్ ప్రమాణం

బెల్‌కోర్ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న నథానియల్ బోరెన్‌స్టీన్, ఇన్నోసాఫ్ట్ సంస్థకు చెందిన నెడ్ ఫ్రీడ్ కలిసి ఈ చిక్కును విప్పారు. వారు రూపొందించిన ప్రమాణం పేరు మైమ్. దాని తొలి పత్రం 1992 జూన్‌లో వెలువడింది. 1993లో ఒకసారి, 1996లో మరోసారి దాన్ని సవరించారు. ఇప్పటికీ వాడుకలో ఉన్నది 1996 నాటి రూపమే.

తొలి పత్రం రాకముందే, 1992 మార్చి 11న, బోరెన్‌స్టీన్ ఈ పద్ధతిలో ఒక సందేశం పంపారు. బెల్‌కోర్ ఉద్యోగులు నలుగురు కలిసి పాడే బృందం ఫోటో, వారు పాడిన పాట శబ్దం అందులో ఉన్నాయి. ఆ నలుగురిలో ఆయన కూడా ఒకరు. మెయిల్‌లో బొమ్మలెందుకని అడిగినవారితో, ఏనాటికైనా తన మనవల ఫోటోలు మెయిల్‌లో అందుకోవాలని ఉందని ఆయన చెప్పేవారు. కోట్ల కుటుంబాలు తర్వాత ఈ సదుపాయాన్ని ఏ పనికి వాడుకున్నాయో ఆ కోరికలోనే ఉంది.

మైమ్ పాత దారిని తవ్వలేదు. మధ్యలోని సర్వర్లకు ఎప్పటిలాగే మామూలు అక్షరాలే కనిపిస్తాయి. మార్పంతా రెండు కొసల్లోని మెయిల్ ప్రోగ్రాంలలోనే జరిగింది. ప్రపంచంలోని సర్వర్లన్నీ ఒకేసారి మారాల్సిన అవసరం రాలేదు కాబట్టే ఈ ప్రమాణం త్వరగా పాతుకుపోయింది. ఇది మూడు పనులు చేస్తుంది. ఉత్తరాన్ని భాగాలుగా విడదీసి, భాగానికీ భాగానికీ నడుమ ఒక సరిహద్దు వరుస పెడుతుంది. ప్రతి భాగం మీద అది రాతా, జేపెగ్ చిత్రమా, శబ్దమా అని చెప్పే చీటీ అంటిస్తుంది. బైట్లను ఏ పద్ధతిలో అక్షరాలుగా మార్చారో తెలియజేస్తుంది. భాగం రకాన్ని చెప్పే ఈ చీటీనే తర్వాత వెబ్ కూడా తీసుకుంది. బ్రౌజర్‌కు ఒక ఫైలు చిత్రమని తెలిసేది దాని ద్వారానే.

చిత్రం అక్షరాలుగా మారే తీరు

ఈ మార్పిడికి వాడే పద్ధతి బేస్64. ఫైలులోని 3 బైట్లను తీసుకుంటే 24 బిట్లు. వాటిని ఆరేసి బిట్ల చొప్పున నాలుగు భాగాలు చేస్తారు. ఆరు బిట్లతో 64 విలువలు వస్తాయి. ఒక్కో విలువకూ ఒక్కో గుర్తు ఉంటుంది: ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు 26, చిన్న అక్షరాలు 26, అంకెలు 10, కూడిక గుర్తు, ఏటవాలు గీత. ఇవన్నీ ఎలాంటి పాత యంత్రం గుండా వెళ్లినా మారని గుర్తులు. చివర బైట్లు మూడుకు తక్కువైతే సమాన గుర్తుతో పూరిస్తారు. వరుసకు 76 అక్షరాలు దాటనివ్వరు. జేపెగ్ ఫైళ్ల మొదటి మూడు బైట్లు ఎప్పుడూ ఒకటే. అందుకే వాటి బేస్64 రూపం ఏటవాలు గీత, తొమ్మిది, చిన్న ‘జె’, మళ్లీ ఏటవాలు గీతతో మొదలవుతుంది. మెయిల్ మూలరూపాన్ని తెరిచి చూస్తే ఈ నాలుగు గుర్తుల దగ్గర ఫోటో మొదలైందని పోల్చుకోవచ్చు.

మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి కాబట్టి బరువు మూడో వంతు పెరుగుతుంది. వరుస చివరి గుర్తులనూ కలిపితే పెరుగుదల దాదాపు 37 శాతం. 10 ఎంబీల ఫోటోలు దారిలో 13.7 ఎంబీలవుతాయి. చేరాక ప్రతి బైటూ యథాస్థానానికి వస్తుంది. ఈ అదనపు బరువుకు బదులుగా దక్కేది, పంపిన ఫైలుకూ అందిన ఫైలుకూ ఒక్క బిట్టు తేడా లేకపోవడం.

చిత్ర ఫైళ్ల రకాలు

12 మెగాపిక్సెళ్ల ఫోటోలో ఒక్కో పిక్సెల్‌కు 3 బైట్ల లెక్కన 36 ఎంబీల సమాచారం ఉంటుంది. అంత బరువును మెయిల్‌కు ఎక్కించలేం. ఫోటోను కుదించే జేపెగ్ ప్రమాణం కూడా 1992లోనే వెలువడింది. మైమ్ దారి చూపితే, ఆ దారిలో పట్టేలా ఫోటోను తగ్గించింది జేపెగ్. రెండూ కలిశాకే ఫోటోలు పంపడం సామాన్యులకు సాధ్యమైంది. జేపెగ్‌కు ఆధారమైన గణితం డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. దీన్ని 1974 జనవరిలో ప్రకటించిన వ్యాసం నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు రాసినది. అహ్మద్ బెంగళూరులో పుట్టారు. రావు మద్రాసులోని గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో చదివి, ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. జేపెగ్ చిత్రాన్ని 8 పిక్సెళ్ల వెడల్పు, 8 పిక్సెళ్ల ఎత్తు ఉన్న గళ్లుగా విడదీస్తుంది. ప్రతి గడిలోనూ కంటికి అంతగా ఆనని సూక్ష్మభేదాలను వదిలేస్తుంది. 36 ఎంబీల సమాచారం సాధారణంగా మూడు నుంచి ఐదు ఎంబీల ఫైలుగా మారుతుంది. వదిలేసినది తిరిగి రాదు. అందుకే ఒకే ఫోటోను మళ్లీమళ్లీ మార్చి జేపెగ్‌గా భద్రపరిస్తే నాణ్యత తగ్గుతూ పోతుంది. మార్చకుండా ఎన్ని మెయిళ్లలో పంపినా తగ్గదు.

కంప్యూసర్వ్ సంస్థ 1987లో తెచ్చిన గిఫ్‌లో 256 రంగులే ఉంటాయి. కదిలే బొమ్మలకు అది నేటికీ నిలిచింది. 1996లో ప్రమాణంగా వెలువడిన పీఎన్‌జీ దేన్నీ వదలకుండా కుదిస్తుంది. అక్షరాలున్న తెరపటాలకు, లోగోలకు, గీతలకు అది తగినది. ఫోటోలకు వాడితే ఫైలు బరువెక్కుతుంది. ముద్రణ, స్కానింగ్ పనుల్లో టిఫ్ కనిపిస్తుంది. ఐఫోన్ 2017 నుంచి ఫోటోలను హెచ్ఈఐసీ రూపంలో దాస్తోంది. జేపెగ్ కంటే ఇది తేలిక. పాత కంప్యూటర్లలో తెరుచుకోకపోవచ్చు కాబట్టి జేపెగ్‌గా మార్చి పంపడం మేలు. వైద్య చిత్రాలకు డైకామ్ అనే ప్రత్యేక రూపం ఉంది. స్కాన్ ఫిల్మును ఫోన్‌తో ఫోటో తీసి మెయిల్ చేస్తే అందులోని వివరమంతా డాక్టరుకు అందదు.

బరువు, పరిమితులు

సర్వర్ యజమానులు ఒక్కో ఉత్తరం ఎంత బరువుండవచ్చో నిర్ణయిస్తారు. జీమెయిల్‌లోనూ యాహూ మెయిల్‌లోనూ జోడింపుల పరిమితి 25 ఎంబీలు, ఐక్లౌడ్ మెయిల్‌లో 20 ఎంబీలు. పంపేవారి పరిమితి ఒక్కటే తెలిస్తే చాలదు. అందుకునేవారి సర్వర్ అంతకంటే తక్కువ ఒప్పుకుంటే ఉత్తరం తిరిగి వచ్చేస్తుంది. కార్యాలయాల సర్వర్లలో 10 ఎంబీల పరిమితి కూడా కనిపిస్తుంది. ఒక సర్వర్ మొత్తం ఉత్తరం బరువును 25 ఎంబీలకు కట్టడి చేస్తే, అక్షరాలుగా మారాక పెరిగే బరువు పోను అసలు ఫోటోలకు మిగిలేది 18 ఎంబీల చోటు.

ఈ పరిమితి దాటినవారికి ఇప్పుడు సేవలే వేరే దారి చూపుతున్నాయి. 25 ఎంబీలు దాటితే జీమెయిల్ ఫైలును డ్రైవ్ అనే ఆన్‌లైన్ నిల్వలో పెట్టి లింకు పంపుతుంది. ఆపిల్ వారి మెయిల్ డ్రాప్ 5 జీబీల దాకా తీసుకుని 30 రోజులు ఉంచుతుంది. లింకుకు గడువుంటుంది, అనుమతి కావాలి, దాచినచోట ఫైలు తీసేస్తే ఇక దొరకదు. జోడింపు మాత్రం అందుకున్నవారి పెట్టెలో వారి సొంత ప్రతిగా మిగులుతుంది.

అవసరానికి తగ్గ కొలత తెలిస్తే చాలావరకు ఇబ్బంది రాదు. ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు ఉన్న ఫోటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించడానికి 1,800 × 1,200 పిక్సెళ్లు చాలు. ఏ4 కాగితాన్ని అదే సాంద్రతతో స్కాన్ చేస్తే 2,480 × 3,508 పిక్సెళ్లు వస్తాయి. తెర మీద చూడటానికైతే 1,600 పిక్సెళ్ల వెడల్పు సరిపోతుంది. ఐఫోన్ మెయిల్ పంపే ముందు చిన్న, మధ్య, పెద్ద, అసలు కొలతల్లో ఏది కావాలో అడుగుతుంది. ముద్రణకు వెళ్లే ఫోటోకు అసలు కొలతనే ఎంచుకోవాలి.

జోడింపు, లోపలి చిత్రం, బయటి చిత్రం

జోడించిన చిత్రం ఉత్తరం కింద విడిగా ఉంటుంది. లోపలి చిత్రం కూడా ఉత్తరంతోపాటే ప్రయాణిస్తుంది. దానికో గుర్తింపు పేరు ఇచ్చి, రాతలో ఏచోట కనిపించాలో సూచిస్తారు. ఉత్తరం చివరి సంతకంలో కనిపించే లోగోలు చాలావరకు ఇలాంటివి. బయటి చిత్రం ఉత్తరంలో ఉండదు. ఉత్తరం తెరిచినప్పుడు మెయిల్ ప్రోగ్రాం దాన్ని వేరే సర్వర్ నుంచి తెస్తుంది. వ్యాపార ప్రకటనల మెయిళ్లలో ఉండేవి ఎక్కువగా ఇవే.

బయటి చిత్రాన్ని తెచ్చిన ప్రతిసారీ ఆ సర్వర్‌కు కబురు వెళుతుంది. ఒకే పిక్సెల్ వెడల్పు, ఒకే పిక్సెల్ ఎత్తు ఉన్న కనిపించని చిత్రాన్ని పెట్టి, ఉత్తరం ఎవరు ఎప్పుడు తెరిచారో కనిపెట్టే పద్ధతి దీనివల్లే వచ్చింది. ఔట్‌లుక్ 2003 బయటి చిత్రాలను అడగకుండా తేవడం మానేసింది. జీమెయిల్ 2013 డిసెంబరు నుంచి వాటిని తన సర్వర్ల ద్వారా తెప్పిస్తోంది. ఆపిల్ 2021లో చదువరి జాడ తెలియకుండా చేసే రక్షణ తెచ్చింది.

చూపులేనివారు మెయిల్‌ను తెర చదివే ప్రోగ్రాంతో వింటారు. చిత్రంలో ఏముందో ఒక వాక్యంలో రాయకపోతే వారికి ఆ ఉత్తరం సగమే అందినట్టు. ఆహ్వానపత్రం తేదీ, వేళ, చోటు చిత్రంలోనే వదిలేయకుండా ఉత్తరంలోనూ రాయడం మర్యాద.

తెలుగువారి వాడుక

భారతదేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవలను వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న ప్రారంభించింది. తొలినాళ్లలో చవకగా దొరికిన షెల్ ఖాతాల్లో రాతలే కనిపించేవి, చిత్రాలు కనిపించేవి కావు. సెకనుకు 28,800 బిట్లు మోసే మోడెం మీద 1 ఎంబీ ఫోటో అక్షరాలుగా మారి వెళ్లడానికి ఆరు నిమిషాలు దాటేది. నడుమ ఫోన్ లైను తెగితే మళ్లీ మొదటికి. 1996 జులై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ ప్రారంభించిన హాట్‌మెయిల్‌లో పెట్టె మొత్తం 2 ఎంబీలు. నాలుగు ఫోటోలొస్తే పెట్టె నిండేది. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ 1 జీబీ చోటు ఇచ్చాక ఫోటోలను మెయిల్‌లోనే దాచుకునే అలవాటు మొదలైంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం తెలుగు యువత పెద్దసంఖ్యలో అమెరికా వెళ్లిన రోజులవి. ఇక్కడి తల్లిదండ్రులు ఊళ్లోని ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి, నడిపేవారి సాయంతో మెయిల్ తెరిచి, పుట్టిన మనవడినో మనవరాలినో మొదటిసారి చూసుకునేవారు. రంగుల ప్రింటు తీయించి ఇంటికి తెచ్చుకునేవారు. పెళ్లి సంబంధాల్లో బయోడేటాతోపాటు స్టూడియోలో తీయించిన ఫోటోను స్కాన్ చేసి పంపడం రివాజైంది. తెలుగు పత్రికల పనితీరు కూడా మారింది. అంతకుముందు జిల్లాల నుంచి ఫోటోలు కవర్లలో బస్సు మీద ఎడిషన్ కేంద్రానికి చేరేవి. మెయిల్ వచ్చాక, సాయంత్రం జరిగిన ఘటన ఫోటో ఆ రాత్రి అచ్చయ్యే సంచికకే అందింది.

తెలుగు లిపికి కూడా చిత్రం కొంతకాలం ఆసరా అయింది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు ఒకరి కంప్యూటర్‌లోని తెలుగు ఫాంటు మరొకరి దగ్గర లేకపోతే రాసినదంతా అర్థంలేని గుర్తులుగా కనబడేది. కొందరు రైస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాశారు. మరికొందరు చేతిరాతను స్కాన్ చేసి, లేదా తెలుగు పుటను బొమ్మగా మార్చి జోడించారు. బొమ్మలో అక్షరం అందంగా కనిపిస్తుంది. దాన్ని వెతకలేం, కాపీ చేసుకోలేం. తెలుగులో పేరు పెట్టిన ఫైళ్లకు అవతల ప్రశ్నార్థకాలు ప్రత్యక్షమయ్యేవి. పేర్లలో ఇతర లిపులను వాడే నియమాలు మైమ్ కుటుంబంలో ఉన్నా, అన్ని ప్రోగ్రాంలూ వాటిని పాటించకపోవడమే దీనికి కారణం.

ఇప్పుడు ఫ్లెక్సీ ముద్రణ దుకాణాలకు, శుభలేఖల ప్రెస్సులకు, ఆల్బమ్ డిజైనర్లకు మెయిల్ పనిముట్టు. జిరాక్స్ షాపు మెయిల్‌కు కాగితం పంపి ప్రింటు తీయించుకోవడం పట్టణాల్లో రోజువారీ పని.

మోసాలు, హానికర ఫైళ్లు

మెయిల్ ప్రోగ్రాం ఫైలు రకాన్ని చెప్పే మైమ్ చీటీని నమ్ముతుంది, మనిషి ఫైలు పేరును నమ్ముతాడు. మోసగాళ్లు ఈ నమ్మకాన్ని వాడుకున్నారు. 2001 ఫిబ్రవరిలో టెన్నిస్ క్రీడాకారిణి అన్నా కోర్నికోవా ఫోటో అంటూ ఒక జోడింపు ప్రపంచమంతా తిరిగింది. పేరులో జేపెగ్ గుర్తు ఉన్నా దాని వెనక అసలు పొడిగింపు వీబీఎస్, అంటే నడిచే ప్రోగ్రాం. విండోస్ ఆ చివరి పొడిగింపును దాచేది. తెరిచినవారి ఔట్‌లుక్ చిరునామాలన్నిటికీ అది తనను తానే పంపుకుంది. దాన్ని వదిలిన 20 ఏళ్ల డచ్ యువకుడికి కోర్టు 150 గంటల సమాజసేవ విధించింది. అసలైన జేపెగ్ కూడా పూర్తిగా నిరపాయం కాదని 2004 సెప్టెంబరులో తేలింది. విండోస్‌లో జేపెగ్ తెరిచే భాగంలోని లోపాన్ని మైక్రోసాఫ్ట్ అప్పుడు సరిచేసింది. 2006, 2007 ప్రాంతాల్లో అక్షరాలను వడకట్టే యంత్రాలకు దొరక్కుండా, ప్రకటనను బొమ్మగా మార్చి పంపే స్పామ్ వెల్లువెత్తింది. ఇటీవల అదే ఎత్తు క్యూఆర్ కోడ్ బొమ్మల రూపంలో కనిపిస్తోంది. తెలియని చిరునామా నుంచి వచ్చిన బొమ్మలోని కోడ్‌ను స్కాన్ చేయడం, తెలియని లింకు నొక్కడం రెండూ ఒకటే.

గోప్యత, చట్టం

కెమెరా ప్రతి ఫోటోలోనూ ఎక్సిఫ్ అనే సమాచారం రాస్తుంది. తీసిన తేదీ, వేళ, కెమెరా పేరు అందులో ఉంటాయి. లొకేషన్ అనుమతి ఇచ్చి ఉంటే అక్షాంశ రేఖాంశాలూ ఉంటాయి. మెయిల్ ఫైలును యథాతథంగా మోస్తుంది కాబట్టి ఈ వివరాలూ దానితోపాటే వెళతాయి. ఇంట్లో పిల్లల ఫోటోను అంతగా తెలియనివారికి పంపేముందు లొకేషన్ తీసేయాలి. ఫోన్లలో ఆ సదుపాయం ఉంది.

జిరాక్స్ షాపుకు పంపిన ఆధార్, పాన్ కార్డుల చిత్రాలు ప్రింటు తీశాక కూడా ఆ కంప్యూటర్‌లోనూ మెయిల్‌లోనూ మిగిలిపోతాయి. ఎదురుగా నిలబడి తీసేయించడంలో మొహమాటం అక్కర్లేదు. పూర్తి సంఖ్య అవసరం లేనిచోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడవచ్చు.

ఒకరి అనుమతి లేకుండా వారి ఆంతరంగిక భాగాల చిత్రాన్ని తీయడం, ప్రచురించడం, పంపడం సమాచార సాంకేతిక చట్టం 66ఈ సెక్షన్ ప్రకారం నేరం. మూడేళ్ల దాకా జైలు లేదా 2 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మెయిల్‌లో వచ్చిన చిత్రాన్ని కోర్టులో చూపే తీరును 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ నిర్దేశిస్తుంది.

వాట్సాప్ కాలంలో స్థానం

2009లో మొదలైన వాట్సాప్ వచ్చాక ఇంటి ఫోటోలు ఎక్కువగా అటు మళ్లాయి. ఫోటోగా పంపితే అది చిత్రాన్ని కుదిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలు వెళుతుంది. చూసి మురిసిపోవడానికి కుదించినది చాలు. అచ్చు వేయడానికి, సాక్ష్యంగా ఉంచడానికి, పాత తరం ఫోటోను బాగుచేయించడానికి అసలు ఫైలు కావాలి. ఆ అవసరాలకు మెయిల్ ఇప్పటికీ నమ్మదగిన దారి.

మెయిల్‌కు ఇంకో బలం ఉంది. అది ఒక కంపెనీ సొత్తు కాదు. జీమెయిల్ నుంచి పంపిన ఫోటో కళాశాల సర్వర్‌కో, ప్రభుత్వ కార్యాలయానికో, విదేశంలోని చిన్న సేవకో సమానంగా చేరుతుంది. అలా చేరడానికి కారణం 1992లో ఎవరైనా ఉచితంగా చదివి అమలుచేసుకునేలా విడుదలైన ప్రమాణం. ఆ ప్రకారం పంపిన తొలి ఫోటోను ఇవాళ్టి మెయిల్ ప్రోగ్రాం కూడా చదవగలదు. కుటుంబాల ఫోటోలు దశాబ్దాలు నిలవాలంటే ఇలా అందరికీ తెలిసిన ఫైలు రూపాలు, అందరికీ తెరిచి ఉన్న ప్రమాణాలు కావాలి. మెయిల్‌లో వచ్చిన ఫోటోను ఆ ఒక్క పెట్టెలోనే వదిలేయకుండా, అసలు కొలతలో జేపెగ్‌గా దించుకుని మరో రెండుచోట్ల దాచుకుంటే ఈ ఏర్పాటు వల్ల కలిగే మేలు తర్వాతి తరానికీ దక్కుతుంది.